జెద్దా ప్లేట్లు

మాకు తెలిసిన పెద్దాయన ఒకరు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఈ నెలాఖరుకి జెద్దా వదిలేస్తున్నారు. 39 ఏళ్ళ సంసారం. సోఫా, ఫ్రిజ్, మంచాలు ఒక్క శుక్రవారంలో అమ్ముడుపోయాయి. మిగిలినవి 140 గ్రామఫోను రికార్డులు. "ఏం చెయ్యమంటావోయ్ వీటిని?" అని ఫోను చేశారు. ఇలాంటి వాటి గురించి నాకేదో తెలుసని ఆయన నమ్మకం. వెళ్ళాను.

గల్ఫ్‌లో తెలుగువాడి ఇంట్లో ఎల్పీలుండటం వింతే. మనవాళ్ళు ఇక్కడికి బారులు తీరిన రోజుల్లో చేతికందింది క్యాసెట్టు. సెలవుకి ఊరెళ్ళేవాడి సామాన్లో టూ-ఇన్-వన్ లేకపోతే వాడు గల్ఫ్ నుంచి వచ్చినట్టే కాదు. మనదేశంలో క్యాసెట్ల రాజ్యం మీద 1993లో 'క్యాసెట్ కల్చర్' అనే పుస్తకం రాసిన పీటర్ మాన్యుయెల్ కూడా గల్ఫ్ కూలీలు మోసుకొచ్చిన ప్లేయర్ల సంగతి చెప్పాడు. అంటే రికార్డుల్ని మూలకి నెట్టినవాళ్ళలో మనమూ ఉన్నాం.

పెద్దాయనకి ఇది పుస్తకంలో చదవాల్సిన పని లేదు. వాళ్ళన్నయ్యకి తెనాలిలో రేడియోలు, రికార్డులు అమ్మే కొట్టుండేది. మొదటి సెలవుకి ఈయన పట్టుకెళ్ళిన టూ-ఇన్-వన్‌ని అన్నయ్య ముచ్చటపడి కొట్టు బల్లమీదే పెట్టి వాయించాడట. నాలుగేళ్ళకి కొట్టు మూతపడింది. "నా ఒక్క డబ్బాతో పోయిందా ఏంటి" అని ఆయనే అంటారు, కాసేపు ఇంకేం మాట్లాడరు. అమ్ముడుపోని సరుకుని సెలవుకి వెళ్ళినప్పుడల్లా పదీ పదిహేను చొప్పున తెచ్చుకున్నారు. ఘంటసాల భగవద్గీత మాత్రం ఊళ్ళోనే ఉంచేశారు. ఆ రోజుల్లో జెద్దా కస్టమ్స్ దాటించే ధైర్యం ఎవరికి?

డల్లాస్‌లో ఉన్న కొడుకు "లక్షలొస్తాయేమో కనుక్కో నాన్నా" అన్నాడట. రావు. బాగా ఆడిన సినిమాల ఎల్పీలు చాలా ఇళ్ళ అటకల మీద ఇంకా ఉన్నాయి. గీతలు లేని ప్లేటుకి, చిరగని అట్టకి కాస్త ధర పలుకుతుంది, అంతే. అసలు విలువ ఎవరూ మళ్ళీ వెయ్యని పద్యనాటకాలదీ హరికథలదీ. అలాంటివి ఈయన దగ్గర పందొమ్మిది తేలాయి, అన్నీ 78 ఆర్‌పీఎంవి. లక్కతో చేసినవి; జారితే పెంకులే. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు నలభై వేలకు పైగా ప్లేట్లు పోగుచేశారు కనకనే మన పాత పాటల చరిత్ర ఈమాత్రం మిగిలింది. ఒక మనిషి ఇంట్లో, సొంత ఖర్చుతో.

జెద్దా హరాజ్‌లో పడేస్తే సరి అన్నారొకరు. (మన 'హర్రాజు' మాటకి పుట్టిల్లు ఈ అరబ్బీ మాటే.) ఎవరి చేతిలో పడతాయో తెలియని చోటికి వద్దన్నాను. రికార్డులు సేకరించే సౌదీ కుర్రాడొకడు వచ్చి హిందీవి పన్నెండు కొన్నాడు, బేరం ఆడకుండా. ప్లేయరు కూడా ఇమ్మని చాలా అడిగాడు. అమెరికాలో ఉంటే 78లని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి ఇవ్వమనేవాణ్ణి; వాళ్ళు డిజిటైజ్ చేసి అందరికీ వినిపిస్తారు, ఆ పనికే 2023లో రికార్డు కంపెనీల దావా కూడా ఎదుర్కొన్నారు.

చివరికి ఊళ్ళో ఒక లైబ్రరీకి అడిగాం. "వినడానికి ప్లేయరు కూడా ఇస్తారా?" అన్నారు అక్కడి వాళ్ళు. పెద్దాయనకి కోపం వచ్చింది కానీ, నాకది సరైన ప్రశ్న అనిపించింది. వినిపించే యంత్రం లేకపోతే ఆ ప్లేట్లు బీరువా బరువే. ప్లేయరు వెంట వెళ్తోంది.

ఓడ కార్గో మాత్రం వద్దన్నాను. ఎండలో నిలబెట్టిన కంటైనర్లో వినైల్ మెత్తబడి అప్పడంలా వంకర పోతుంది. అట్టతో కలిపి ఒక్కో ఎల్పీ పావుకిలో వేసుకున్నా మొత్తం ముప్ఫై కిలోల పైమాటే. సూట్‌కేసుల్లో నిలబెట్టి సర్దాం. పడుకోబెట్టి దొంతర పేరిస్తే అడుగువి నలుగుతాయి. లక్క ప్లేట్లు చేతిసంచిలో, చీరల మధ్య.

సర్దేముందు లిస్టు రాశాం. పాడినవాళ్ళు, కంపెనీ, లేబుల్ మీది నెంబరు, రెండువైపులా ఏముందో. ఆయన చదువుతున్నారు, నేను రాస్తున్నాను. తొంభై మూడో అట్ట మూల పెన్సిలుతో వేసిన ధర ఉంది, వాళ్ళన్నయ్య చేతిరాత. దాన్ని పక్కన పెట్టి, "ఇది రాయకు" అన్నారు.