తుఫాను రాత్రి పలుపు విప్పారా?

వేసవిలో నీడ, మంచినీటి తొట్టి, వానలకు ముందు గొంతువాపు టీకా: ఇవి పశువులున్న ఇంట అందరూ చేసేవే. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే ఓడలరేవు తీరంలో అసలు పరీక్ష అక్టోబరు, నవంబరు నెలల్లో ఎదురవుతుంది. 1996 నవంబరు 6న కోనసీమపై విరుచుకుపడిన తుఫానులో మనుషులతోపాటు పశువులూ పెద్దసంఖ్యలో మరణించాయి. గుంజకు కట్టిన మేక నీరు పొంగినా కదలలేదు. పలుపే దానికి ఉరి అవుతుంది.

పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, పురుగూ పుట్రా తినేందుకు దానిని విడువక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. దీనిని బోధించేటప్పుడు పిల్లలు పిల్లి గురించే అడుగుతారు. మేము మాత్రం ఆ కట్టు గురించి ఆలోచించమంటాము.

హెచ్చరిక వెలువడగానే పశువులను పగటిపూటే మెరకకు తోలుకుపోవాలి. వీలుకాకపోతే, తుఫాను షెల్టరుకు బయలుదేరే ముందు పలుపులు విప్పాలి, గంప కింది కోళ్లను వదలాలి. పిల్లిని మూతబుట్టలో వెంట తీసుకువెళ్లవచ్చు. విప్పితే దొంగలు తోలుకుపోతారని వెనుకాడేవారున్నారు. వారి భయం నిజమే. అయితే తప్పిపోయిన మేక ఒకనాటికి దొరకవచ్చు.

నీరు తీసిన తర్వాత ఉప్పునీటి గుంటల్లో వాటిని తాగనివ్వరాదు, బూజుపట్టిన గడ్డి వేయరాదు. గిట్టల నడుమ పుండ్లుంటే పశువైద్యునికి చూపించాలి.

ఇల్లు విడిచేటప్పుడు ఖుర్ఆన్, పట్టా కాగితాలు, రేషను కార్డు వెతికి సంచిలో పెట్టుకుంటాము. ఆ సంచి భుజాన వేసుకునే ముందు ఒకసారి పశువుల పాక వైపు వెళ్లి రావాలి.