మన వాయుసేనలో స్త్రీల కొలువు

ఇంటిమీదుగా విమానము పోవు చప్పుడు వినబడగానే పిల్లలు వాకిటిలోనికి పరుగెత్తుదురు. అది కనుమఱుగు కాగానే మనము మరల మన పనులలో పడుదుము. దేశమును కాచుటకై యాకాశమున నొక సైన్య మున్నదని మన మెఱుగుదుము గాని, అది యెట్లు పుట్టినది, అందు మన యాడపడుచు లెప్పుడు చేరిరి, చేరినవారికి దొరకిన దేమి యను సంగతులు తునుకలు తునుకలుగా తప్ప మన చెవిని పడవు. సోదరీమణులు తీరికవేళ చదువుకొనుటకై వాని నిట నొక్కచో కూర్చుచున్నాను.

భారత వాయుసేన 1932 అక్టోబరు 8వ తేదీని చట్టప్రకార మేర్పడెను. అప్పటి కది కాగితముమీది సైన్యమే. 1933 ఏప్రిలు 1వ తేదీని కరాచీలోని డ్రిగ్ రోడ్డున మొదటి దళము నిలిచినపుడు దానికి గల యాస్తి నాలుగు వాపిటీ విమానములు. నడుపుటకు అయిదుగురు భారతీయ యువకులు, యంత్రములను చూచుకొనుటకు హవాయి సిపాయిలని పిలువబడు 19 మంది. ఆ విమానములైనను బ్రిటిషువారు వాడి విడిచిన జంటరెక్కల పాతబండ్లు. నడుపువారు 1930లో ఇంగ్లండునకు పోయి క్రాన్‌వెల్ కళాశాలలో విద్య నేర్చి వచ్చినవారు.

భారతీయులు విమానము నడుపగలరా, చెడిన యంత్రమును చక్కచేసికొనగలరా యని దొరలలో పలువురకు సందేహ ముండెను. అంతకు పూర్వమే, 1918లో, ఇంద్రలాల్ రాయ్ అను పందొమ్మిదేండ్ల వంగ యువకుడు ఇంగ్లీషు దళమున చేరి 13 దినములలో 10 విజయములు సాధించి, ఆ జూలైలోనే యాకాశయుద్ధమున ప్రాణములు విడిచెను. అయినను సందేహము తీఱలేదు. సందేహింప దలచినవారికి నిదర్శనము లెన్ని చూపినను చాలవు గాబోలు! ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. కథలో ముందు మరల నిదే వచ్చును.

ఆ మొదటి యయిదుగురిలో నొకరైన సుబ్రతో ముఖర్జీగారు 1954 ఏప్రిలు 1వ తేదీని వాయుసేన కధిపతియైరి. భారతీయులలో ఆ పదవి నందినవా రాయనయే మొదటివారు. 1960లో టోక్యో నగరమున భోజనము చేయుచుండగా మెతు కడ్డుపడి ఆకస్మికముగా మరణించిరి. ఆయన భార్య శారదా ముఖర్జీగారు తరువాత ప్రజాసేవలో ప్రవేశించి, 1977లో మన ఆంధ్రప్రదేశమునకు గవర్నరుగా వచ్చిరి.

యుద్ధముల కథ లన్నియు నిచట చెప్పబోను. ఒక్కటి మాత్రము విడువరాదు. 1947 అక్టోబరు 27వ తేదీని ఢిల్లీనుండి డకోటా విమానములు సిపాయిలను శ్రీనగరమునకు చేర్చెను. ఆనాడవి చేరకున్న ఆ పట్టణము దక్కెడిది కాదు. మరుసటి యేడు మెహర్ సింగుగారు 11,000 అడుగులకు మించిన యెత్తుననున్న లేహ్‌లో, అప్పుడే చదునుచేసిన నేలపై, డకోటాను దింపిరి.

ఇక స్త్రీల సంగతి. విమానము స్త్రీకి క్రొత్త గాదు. 1936లో లాహోరున సరళా తుక్రాల్‌గారు చీర కట్టుకొనియే విమానమును నడిపిరి. హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్‌లో ప్రేమ్ మాథుర్‌గారు ప్రయాణికుల విమానమునకు వైమానికురా లైరి. సైన్యములో మాత్రము స్త్రీకి చాలకాలము వైద్యమే ద్వారము. 1955లో విజయలక్ష్మీ రమణన్‌గారు వైద్యురాలుగా ప్రవేశించి, వాయుసేనలో తొలి స్త్రీ అధికారి యైరి.

ఆ త్రోవనే వచ్చినవారు పద్మావతీ బంద్యోపాధ్యాయగారు. వారు 1944లో మన తిరుపతిలో జన్మించిరి. తల్లి క్షయరోగముతో మంచము పట్టగా బాల్యముననే యింటిపనియు, తల్లిసేవయు మీద వేసికొని చదువుకొనిరి. 1968లో వాయుసేనలో చేరి వైమానిక వైద్యమును నేర్చిరి. పైకి పోయినకొలది గాలి పలుచనగును. విమానము వడిగా మలుపు తిరిగినపుడు తలలోని నెత్తురు కాళ్లకు దిగి కన్నులు చీకట్లు క్రమ్మును. అట్టి యవస్థలో మనిషి యెంత యోర్వగలడో, ఓర్చుట కేమి చేయవలెనో కనుగొను విద్య యది. వారు 2004లో ఎయిర్ మార్షల్ పదవి నందిరి. మన వాయుసేనలో అంత పదవి కెక్కిన స్త్రీలలో వారే ప్రథములు.

విమానము నడుపుటకు స్త్రీలను తీసికొనుట 1990 దాటిన పిమ్మట గాని కాలేదు. హైదరాబాదు చేరువ దుండిగల్లులోని వాయుసేన అకాడమీలో తొలి వైమానికురాండ్రు 1994లో శిక్షణ ముగించిరి. 1999లో కార్గిల్ యుద్ధమున గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్‌గారలు చీతా హెలికాప్టరులను నడిపిరి. అయినను యుద్ధవిమానము స్త్రీకి తగునా యను ప్రశ్న, దొరలు మనవారిని గూర్చి వేసిన ప్రశ్నవంటిదే, మఱి పదునాఱేండ్లు నడచెను. 2016 జూన్ 18వ తేదీని అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ అను మువ్వురు దుండిగల్లులోనే యుద్ధవిమానశాఖలో అధికారులైరి. అవని 2018లో మిగ్ 21 విమానమును ఒంటరిగా నడిపెను.

పత్రికలలో బొమ్మలు పడినది వీరికి. పడనివారి సంగతి నాకు ముఖ్యముగా తోచుచున్నది. స్త్రీల కిచ్చిన కొలువు కొలదికాలపుది. పదునాలుగేండ్లు దాటనిచ్చెడివారు కారు. అధికారికి పింఛను రావలెనన్న ఇరువదేండ్లు నిండవలెను. యౌవనమంతయు కొలువున గడపి, పిల్లల చదువులు ముదిరిన వేళకు వట్టి చేతులతో ఇంటికి రావలసివచ్చెను. తమతో చేరిన పురుషులకు శాశ్వతపు కొలువు దొరకు మార్గము తమ కేల లేదని కొందఱు స్త్రీలు న్యాయస్థానమున కెక్కిరి. 2010 మార్చి 12వ తేదీని ఢిల్లీ హైకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను. అప్పటికే కొలువు విడిచిన 32 మంది మాత్రము పండ్రెండేండ్లు వ్యాజ్య మాడవలసివచ్చెను. వారి నిరువదేండ్లు నిండినవారిగా నెంచి పింఛను విషయమును పరిశీలింపుడని 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. చేర్చుకొనుట యొక యెత్తు, నిలుపుకొనుట యొక యెత్తు. మొదటిదానికి ఉత్సవములు జరిగినవి. రెండవదానికి వకీలు ఖర్చు లైనవి.

మీ యింట నట్టి కోరికగల బాలిక యున్నచో ఈ మాట లుపయోగపడవచ్చును. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ పరీక్షకు కూర్చుండుటకు బాలికలకు 2021లో సుప్రీంకోర్టు అనుమతి యిచ్చెను. వారిలో తొలి 17 గురు 2025 మేలో అచట చదువు ముగించిరి. వాయుసేన శాఖకు ఇంటర్మీడియటులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి యుండవలెను, వయస్సు పదునాఱున్నరకు తక్కువగాని పందొమ్మిదిన్నరకు ఎక్కువగాని కారాదు, వివాహము కాకుండవలెను. పట్టము పుచ్చుకొన్నవారికి వాయుసేన తానే వేఱొక పరీక్ష పెట్టుచున్నది. అందు దొరకునది శాశ్వతపు కొలువా, కొలదికాలపుదా యన్నది శాఖను బట్టి మాఱుచుండును గనుక, దరఖాస్తు నింపుటకు ముందు ఆ పంక్తిని తల్లియు కూతురును కలిసి చదువుకొనవలెను.