క్లిక్కుతో మాత్రలు.. చట్టంతో చిక్కులు

విజయవాడ: నిద్ర పట్టడం లేదని ఒకరు, నడుము నొప్పి తగ్గడం లేదని మరొకరు సెల్‌ఫోన్‌లోనే మాత్రలు తెప్పించుకుంటున్నారు. నగరంలో మొదలైన ఈ అలవాటు కృష్ణా డెల్టా పల్లెలకూ పాకింది. ధరలో రాయితీ, ఇంటి వద్దకే సరఫరా అనే ఆకర్షణల వెనుక ఉన్న చట్టపరమైన చిక్కులు చాలామందికి తెలియవు. లైసెన్సు లేకుండా మందులు అమ్మడం అమ్మకందారు చేసే నేరం. మత్తు కలిగించే మాత్రల విషయంలో మాత్రం కొన్నవారు కూడా కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

చీటీ ఉంటేనే మందు

ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 1940లో వచ్చింది. దీని నిబంధనల ప్రకారం షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ జాబితాల్లోని మందులను రిజిస్టర్డ్ వైద్యుడి చీటీపై, ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. హెచ్1 మందులు కొన్న రోగి పేరును దుకాణదారు రిజిస్టరులో రాసి మూడేళ్లపాటు భద్రపరచాలి. లైసెన్సు లేకుండా అమ్మితే 3 నుంచి 5 ఏళ్ల జైలు, కనీసం రూ.లక్ష జరిమానా తప్పవు.

ఆన్‌లైన్ అమ్మకాల కోసం కేంద్రం 2018 ఆగస్టు 28న ముసాయిదా నిబంధనలు ప్రకటించినా ఏళ్లు గడిచినా అవి తుదిరూపు దాల్చలేదు. లైసెన్సు లేని ఆన్‌లైన్ విక్రయాలను ఆపాలని అదే ఏడాది డిసెంబరు 12న ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. కరోనా కాలంలో, 2020 మార్చి 26న, లైసెన్సున్న దుకాణాలు ఇంటికి మందులు పంపేందుకు కేంద్రం అనుమతించింది. అయితే దుకాణం, రోగి ఒకే రెవెన్యూ జిల్లాలో ఉండాలని షరతు విధించింది. హెచ్1, మత్తు మందులను మినహాయించింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లగా, గుడివాడ, అవనిగడ్డ కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి.

కొన్నవారికీ శిక్ష

నిద్రకు, ఆందోళనకు వాడే అల్ప్రాజోలం, డయాజెపాం, జోల్పిడెం మాత్రలు 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) పరిధిలోకి వస్తాయి. నొప్పి మందు ట్రమడాల్‌ను 2018లో ఇందులో చేర్చారు. సొంత వైద్య అవసరానికి ఒకేసారి 100 మోతాదుల వరకు ఉంచుకోవచ్చు. దీర్ఘకాల చికిత్సకు వైద్యుడు ప్రత్యేకంగా రాసిస్తే 300 వరకు వీలుంది. వైద్య అవసరాన్ని రుజువు చేసే కాగితం చేతిలో లేకపోతే చిక్కే.

దొరికింది స్వల్ప పరిమాణమైతే ఏడాది వరకు కఠిన జైలు లేదా రూ.10 వేల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. అంతకు మించితే శిక్ష మరింత పెరుగుతుంది. అల్ప్రాజోలానికి స్వల్ప పరిమాణం 5 గ్రాములు. మాత్రలో అసలు మందు అర మిల్లీగ్రామే ఉన్నా, మిశ్రమం మొత్తం బరువునే లెక్కించాలని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది.

కొన్ని సైట్లు తమ వైద్యుడే ఫోన్‌లో చీటీ రాస్తారని నమ్మబలుకుతాయి. ఎన్‌డీపీఎస్ జాబితాలోని మందులను టెలిమెడిసిన్ ద్వారా రాయరాదని 2020 మార్చి 25 నాటి మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి.

సరిహద్దు దాటితే

విదేశాల నుంచి పార్సిల్‌లో మందులు తెప్పించుకోవాలంటే వైద్యుడి చీటీతోపాటు కేంద్ర ఔషధ అధికారుల అనుమతి ఉండాలి. ప్రయాణికులు తమ సామానులో సొంత వాడకానికి ఒక్కో మందును వంద మోతాదుల వరకే తెచ్చుకోవచ్చు. ఇక్కడి నుంచి విదేశాలకు పంపే వ్యాపారంపైనా నిఘా ఉంది. మత్తు మాత్రలను అమెరికాకు అమ్ముతున్న ఇంటర్నెట్ ఫార్మసీ గుట్టును 2022 మేలో హైదరాబాద్‌లో మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ రట్టు చేసి, రూ.3.71 కోట్ల నగదు స్వాధీనం చేసుకుంది. రాష్ట్రంలోనూ 2025 మార్చిలో ‘ఆపరేషన్ గరుడ’ పేరిట మందుల దుకాణాలపై ఏకకాలంలో దాడులు జరిగాయి.

ఇవి పాటించాలి

* చీటీ అడగకుండా మత్తు, నొప్పి మాత్రలు ఇస్తామనే సైట్ల జోలికి వెళ్లరాదు.
* బిల్లులో దుకాణం పేరు, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ నంబరు, గడువు తేదీ సరిచూసుకోవాలి.
* చీటీ, బిల్లు మాత్రలు అయిపోయే వరకు భద్రపరచాలి.
* నాణ్యతపై అనుమానం వస్తే కొనుగోలుదారే రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుడితో పరీక్ష చేయించుకోవచ్చు. చట్టంలోని 26వ సెక్షన్ ఈ హక్కు కల్పించింది.
* మత్తు మాత్రల అక్రమ విక్రయాలపై ఈగల్ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1972కు సమాచారం ఇవ్వవచ్చు.