యంత్రాల మేఘసందేశం

ప్రవేశిక

దూరాన ఉన్న యంత్రం స్థితిని తెలుసుకోవడం, ఉన్నచోటి నుంచే దానిని నడపడం ఒకప్పుడు పెద్ద పరిశ్రమలకే సాధ్యమైన పని. నేడు ఆసక్తి గల విద్యార్థి సైతం ఆ పని చేయగలుగుతున్నాడు. ఈ మార్పునకు కారణమైన ‘క్లౌడ్’ వేదికల స్వరూపాన్ని, వాటిలో వచ్చిన కొత్త సౌకర్యాలను, వాటిని వాడేవారు వహించవలసిన జాగ్రత్తలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

కాళిదాస మహాకవి మేఘదూత కావ్యంలో శాపవశాన రామగిరిపై కాలం గడుపుతున్న యక్షుడు, అలకాపురిలో ఉన్న తన భార్యకు మేఘం ద్వారా సందేశం పంపుతాడు. ప్రాణం లేని మేఘం మాటను మోసుకుపోగలదా అన్న విచారణ ఆ విరహికి కలగలేదు. కవి ఊహలో పుట్టిన ఆ దౌత్యం నేడు మరొక రూపంలో నిత్యవ్యవహారమయింది. ఇంజనీర్లు సమాచార వ్యవస్థల పటాలు గీసేటప్పుడు, లోపలి వివరాలు చూపనవసరం లేని భాగాన్ని మబ్బు ఆకారంలో గీసి వదిలేవారు. ఆ బొమ్మ నుంచే ‘క్లౌడ్’ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది. ఇది ఆకాశంలో ఉండేది కాదు. విశాలమైన భవనాలలో బారులు తీరి, రాత్రింబవళ్లు పనిచేసే సర్వర్ల సముదాయమే ఇది. యక్షుని మేఘానికి, ఈ మేఘానికి ముఖ్యంగా రెండు భేదాలున్నాయి. ఇది సందేశాలను ఇరువైపులా చేరవేస్తుంది. విన్న ప్రతి మాటనూ జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఆ జ్ఞాపకం ఎవరి సొత్తు, అది ఎంతకాలం నిలుస్తుంది అన్న ప్రశ్నలు కూడా దానితోపాటే పుట్టాయి.

వస్తువులను సమాచార వ్యవస్థతో కలపాలన్న కోరిక మొదట సరదాగానే మొదలయింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1982 ప్రాంతంలో కంప్యూటరు విభాగం వారు తమ భవనంలోని శీతల పానీయాల యంత్రానికి చిన్న స్విచ్చులు అమర్చారు. అందులో సీసాలు ఉన్నాయో లేవో, ఉన్నవి చల్లబడ్డాయో లేదో తమ గదుల నుంచే తెలుసుకున్నారు. మెట్లు దిగి వెళ్లి వట్టి చేతులతో తిరిగి రాకుండా ఉండడమే వారి ప్రయోజనం. ఆ తరువాత 1999లో కెవిన్ ఆష్టన్ అనే సాంకేతిక నిపుణుడు ఇటువంటి వ్యవస్థకు ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అని పేరు పెట్టాడు. తెలుగులో దీనిని ‘వస్తు అంతర్జాలం’ అనవచ్చు. మనుషులు పరస్పరం మాట్లాడుకోవడానికి ఏర్పడిన వల, వస్తువులు మాట్లాడుకోవడానికి కూడా పనికివచ్చిందని దీని భావం.

ఈ విద్య సామాన్యుని చేతికి రావడానికి మాత్రం కొంతకాలం పట్టింది. ఇటలీ దేశంలో ట్యూరిన్ నగరానికి సమీపాన ఇవ్రేయా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి రూపకల్పన విద్యాసంస్థలో చదివేవారికి ఎలక్ట్రానిక్స్‌లో లోతైన పరిచయం ఉండేది కాదు. అటువంటివారు కూడా తమ ఊహలకు కదలికనిచ్చే పరికరాలు తయారుచేయాలంటే, చవకగా దొరికే, సులభంగా అర్థమయ్యే బోర్డు ఒకటి కావలసివచ్చింది. ఆ సంస్థ విద్యార్థి హెర్నాండో బర్రగాన్ 2003లో ‘వైరింగ్’ అనే పేరుతో చేసిన కృషి ఇందుకు దారి చూపింది. దాని అడుగుజాడలలో 2005లో మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్తియెల్లెస్, టామ్ ఐగో, జాన్‌లూకా మార్టినో, డేవిడ్ మెల్లిస్ కలిసి ‘ఆర్డుయినో’ బోర్డును రూపొందించారు. క్రీ.శ. 1002లో ఇటలీకి రాజయిన ఆర్డుయినో పేరు ఆ ఊరి పానశాల ఒకదానికి ఉండేది. నిర్మాతలు తరచుగా కలుసుకునే ఆ పానశాల పేరే బోర్డుకు వచ్చింది. బోర్డు రేఖాపటాన్ని వారు దాచుకోలేదు. ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా తయారుచేసుకోవచ్చు అని లోకానికి విడిచిపెట్టారు. విద్యాదానం వంటి ఆ ఔదార్యమే దాని వ్యాప్తికి మూలకారణం.

బోర్డు ఒక్కటీ ఉంటే చాలదు. ఇంటి పెరటిలోని మిరప మడిలో తేమను కొలిచే సెన్సరును ఒక విద్యార్థి అమర్చాడనుకుందాం. పొరుగూరి కళాశాలలో ఉన్నప్పుడు ఆ తేమ ఎంతో అతనికి తెలియాలి. కాని ఇంటిలోని పరికరాన్ని బయటి నుంచి నేరుగా పలకరించడం సులభం కాదు. ఇంటి రౌటరు ద్వారపాలకుని వలె నిలబడి, లోపలి వారు పిలవని అతిథిని గడప దాటనివ్వదు. అయితే లోపలి వారు తామై బయటికి పంపే మాటను అది అడ్డగించదు. అందుచేత పరికరం తానే ముందుగా క్లౌడ్‌ను పలకరిస్తుంది. విద్యార్థి ఫోను కూడా అదే క్లౌడ్‌ను పలకరిస్తుంది. ఇద్దరికీ తెలిసిన మధ్యవర్తి వద్ద మాట కలుస్తుంది.

ఈ మధ్యవర్తిత్వానికి అనువైన భాష ‘ఎంక్యూటీటీ’. దీనిని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ రూపొందించారు. ఎడారులలో పరచిన చమురు గొట్టాల స్థితిని ఉపగ్రహం ద్వారా తెలుసుకోవడం నాటి అవసరం. ఉపగ్రహ మార్గంలో పంపే ప్రతి అక్షరానికీ ఖర్చు ఉంది కనుక, వారు సందేశాన్ని వీలైనంత క్లుప్తం చేశారు. సందేశానికి ముందు చేర్చే స్థిర శీర్షిక 2 బైట్లకు కూడా దిగగలదు. దీని పద్ధతి పత్రికా చందాను పోలి ఉంటుంది. ‘పెరటి తేమ’ అనే శీర్షిక కింద సెన్సరు తన కొలతను ప్రకటిస్తుంది. ఆ శీర్షికకు చందాదారులైన వారందరికీ మధ్యవర్తి దానిని అందజేస్తుంది. ప్రకటించినవారికి చదివేవారెవరో తెలియనవసరం లేదు. చమురు సంస్థలకోసం పుట్టిన ఈ పొదుపు భాష, బ్యాటరీతో నడిచే చిన్న పరికరాలకు కూడా సరిపోయింది. 2014లో దీనికి ‘ఒయాసిస్’ అనే ప్రమాణాల సంస్థ ఆమోదం లభించింది.

షాంఘై నగరానికి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ వైఫై సౌకర్యం గల ‘ఈఎస్‌పీ8266’ చిప్పును 2014లో అతి చవకగా విపణిలోకి తెచ్చింది. దానితో అభిరుచి గలవారి పరికరాలు వేల సంఖ్యలో వలలోకి చేరసాగాయి. వాటికి ఆశ్రయమిచ్చే క్లౌడ్ వేదికలు కూడా పెరిగాయి. ఆర్డుయినో సంస్థ 2019లో తన వేదికను ప్రయోగాత్మకంగా అందరికీ తెరిచింది. తరువాతి సంవత్సరాలలో అందులో ఒక్కొక్కటిగా చేరిన కొత్త సౌకర్యాలు పరిశీలింపదగినవి.

మొదటిది డాష్‌బోర్డు. పరికరంలోని ప్రోగ్రాములో ‘తేమ’ అనే చరరాశి ఉంటే, క్లౌడ్‌లో దానికొక ప్రతిబింబం ఉంటుంది. ఇక్కడ విలువ మారితే అక్కడ మారుతుంది. అక్కడ మీట నొక్కితే ఇక్కడి పంపు నడుస్తుంది. ఈ రెండింటినీ సమన్వయపరిచే ప్రోగ్రామును విద్యార్థి రాయనవసరం లేదు. వేదికే రాసి ఇస్తుంది. కొలతలను గీతగా, ముల్లుగా, పట్టికగా తెరపై పరచుకోవచ్చు.

రెండవది హెచ్చరిక. లోగడ విద్యార్థి తానే తెర చూస్తూ కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు ‘తేమ ఇంతకు తగ్గితే తెలియజేయుము’ అని నియమం పెడితే చాలు, ఫోనుకో మెయిలుకో వార్త వస్తుంది. పరికరం వలనుండి తెగిపోయినా ఆ సంగతి కూడా తెలుస్తుంది. మౌనం కూడా ఒక వార్తే అని గుర్తించడం ఇందులోని విశేషం. తేమ తగ్గలేదు కనుక కబురు రాలేదో, సెన్సరు చెడిపోయినందువల్ల రాలేదో తెలియకపోతే మొక్క ఎండిన తరువాతే నిజం బయటపడుతుంది.

మూడవది గాలి మార్గాన ప్రోగ్రామును మార్చే సౌకర్యం. నీళ్ల ట్యాంకు మీద బిగించిన పరికరంలో చిన్న దోషం దొర్లితే, నిచ్చెన వేసి దానిని విప్పి, తీగతో కంప్యూటరుకు తగిలించి దిద్దవలసి వచ్చేది. ఇప్పుడు దిద్దిన ప్రోగ్రామును వైఫై ద్వారానే పంపవచ్చు. ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. సగం ప్రోగ్రాము చేరేసరికి కరెంటు పోతే పరికరం పాతదీ కాక, కొత్తదీ కాక మూగబోవచ్చు. దీనికి విరుగుడుగా ఈఎస్‌పీ32 వంటి చిప్పులలో స్మృతిని రెండు అరలుగా విభజిస్తారు. ఒక అరలోని పాత ప్రోగ్రాము నడుస్తుండగానే, రెండవ అరలో కొత్తది పూర్తిగా చేరుతుంది. సరిగా చేరిందని పరీక్షించుకున్న తరువాతనే పరికరం కొత్త అర నుంచి మేల్కొంటుంది. నదిని దాటేవాడు ముందరి అడుగు గట్టిగా ఆనిన పిమ్మటనే వెనుకటి అడుగు ఎత్తినట్లుగా ఉంటుంది ఈ పద్ధతి.

నాలుగవది రక్షణ. దూరం నుంచి పంపును తిప్పే అధికారం యజమానికి ఉన్నదంటే, దొంగకు కూడా అది చిక్కే అవకాశం ఉన్నదన్నమాట. కొన్ని ఆర్డుయినో బోర్డులలో ఇందుకోసం ఒక ప్రత్యేకమైన చిప్పు ఉంటుంది. రహస్య సంకేతం అందులోనే పుట్టి, అందులోనే ఉంటుంది. ప్రోగ్రాము కూడా దానిని చదవలేదు. ‘నేనే ఆ పరికరాన్ని’ అని క్లౌడ్‌కు రుజువు చేయడానికి మాత్రమే అది పనికివస్తుంది. వీటికి తోడు ఇతర సంస్థల బోర్డులను కలుపుకొనే వీలు, మైక్రోపైథాన్ భాషలో రాసే వీలు, కోరిన పనిని మాటల్లో చెబితే ప్రోగ్రాము రాసిచ్చే కృత్రిమ మేధ సహాయం కూడా చేరాయి.

ఇన్ని సౌకర్యాలను చూచి మురిసిపోయే ముందు, ఇదే రంగంలో జరిగిన ఒక చరిత్రను స్మరించడం అవసరం. ఉస్మాన్ హక్ అనే వాస్తుశిల్పి లండన్‌లో ‘పాచుబే’ అనే వేదికను నెలకొల్పాడు. ప్రపంచంలో ఎక్కడి సెన్సరైనా తన కొలతలను అందులో బహిరంగంగా ఉంచవచ్చు. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ సంభవించి ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిన్నది. తమ వీధిలో రేడియోధార్మికత ఎంత ఉన్నదో తెలియక ప్రజలు తల్లడిల్లారు. అప్పుడు గైగర్ కౌంటర్లు కలిగిన సామాన్యులు, అభిరుచి గల ఔత్సాహికులు తమ కొలతలను పాచుబేలో ఉంచసాగారు. ఇతరులు వాటిని సేకరించి పటాలుగా మలిచారు. ఆటవస్తువులవంటి పరికరాలు ఆపత్కాలంలో ప్రజలకు కన్నులయ్యాయి.

అదే ఏడాది జూలైలో పాచుబేను లాగ్‌మీఇన్ అనే అమెరికన్ సంస్థ కొన్నది. 2012లో దాని పేరు ‘కాజ్మ్’ అయింది. 2013లో ‘జైవ్లీ’ అయింది. 2018లో దానిని గూగుల్ కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించింది. నేడు ఆ పేర్లలో ఏ ఒక్కదానితోనూ ఆ సేవ లేదు. గూగుల్ సంస్థ తాను నడిపిన మరొక వస్తు అంతర్జాల సేవ ‘ఐఓటీ కోర్’ను 2023 ఆగస్టులో మూసివేసింది. ఆర్డుయినో సంస్థను తాను కొనుగోలు చేయనున్నట్లు క్వాల్‌కామ్ 2025 అక్టోబరులో ప్రకటించింది. చేతులు మారిన ప్రతి వేదికా మూతపడుతుందని దీని అర్థం కాదు. సర్వర్లకు ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చును ఎవరో ఒకరు భరించాలి. భరించేవారు మారితే నియమాలు మారవచ్చు. ఉచిత ఖాతాలో కొలతలను నిలువ ఉంచే కాలం తక్కువగాను, చందా చెల్లించినవారికి ఎక్కువగాను ఉండడం కూడా ఈ లెక్కలోనిదే.

కాబట్టి క్లౌడ్‌ను అద్దె ఇల్లుగా భావించడం వివేకం. అద్దె ఇంటిలో హాయిగా ఉండవచ్చు. ఇంటి దస్తావేజులు మాత్రం మన పెట్టెలోనే ఉండాలి. కొలతలను అప్పుడప్పుడు దింపుకొని సొంత కంప్యూటరులో దాచుకోవాలి. ఒక్క సంస్థకే పరిమితమైన భాషకన్న ఎంక్యూటీటీవంటి సార్వజనీన ప్రమాణాన్ని ఆశ్రయిస్తే, ఒక వేదిక మూతపడినా మరొక వేదికకు తరలడం తేలిక. అన్నింటికన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. ప్రాణావసరమైన నిర్ణయం పరికరంలోనే జరగాలి. ట్యాంకు నిండగానే మోటారు ఆగాలన్న నియమం క్లౌడ్‌లో ఉండి, ఆ వేళకు ఇంటర్నెట్ లేకపోతే నీరంతా వీధి పాలవుతుంది. నియమం పరికరంలోనే ఉంటే మోటారు ఆగుతుంది. కబురు మాత్రమే ఆలస్యంగా చేరుతుంది. సెల్‌ఫోనుతో వ్యవసాయ మోటారును నడిపే స్టార్టర్లు తెలుగు రైతులకు కొత్తవి కావు. సిగ్నలు అందనప్పుడు మోటారు ఏ స్థితిలో ఉండాలన్న ఆలోచన ఎంత అవసరమో వారికి తెలుసు.

చవకైన బోర్డు విద్యార్థికి చేతినిచ్చింది. క్లౌడ్ ఆ చేతిని దూరాలకు చాచింది. ఆ చేయి ఎవరి చెప్పుచేతల్లో ఉండాలన్నది మాత్రం వేదిక నిర్ణయించేది కాదు. సౌకర్యాన్ని వాడుకుంటూ స్వాతంత్ర్యాన్ని నిలుపుకొనే నేర్పు వాడేవారే అలవరచుకోవాలి.

అభ్యాసం

సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. మౌనం కూడా ఒక వార్తే.
2. ఆటవస్తువులవంటి పరికరాలు ఆపత్కాలంలో ప్రజలకు కన్నులయ్యాయి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ఆర్డుయినో బోర్డుకు ఆ పేరు ఎలా వచ్చింది?
2. ఎంక్యూటీటీ పద్ధతిని పత్రికా చందాతో ఎందుకు పోల్చారు?
3. ప్రోగ్రామును గాలి మార్గాన మార్చేటప్పుడు స్మృతిని రెండు అరలుగా విభజించడం వల్ల ప్రయోజనమేమి?

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. క్లౌడ్‌ను అద్దె ఇల్లుగా భావించాలనడంలోని ఔచిత్యాన్ని పాచుబే చరిత్ర ఆధారంగా చర్చించండి.