మెట్ల మధ్య గమకం

1975లో పేరు తెచ్చుకున్న రికార్డులు కొన్ని పుట్టింది స్టూడియోల్లో కాదు, జనం ముందు. ఆ జనవరిలో కీత్ జారెట్ జర్మనీలోని కొలోన్ ఒపేరా హౌస్‌లో సరిగ్గా పలకని పియానో ముందు కూర్చుని, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించాడు. అదే ‘ద కొలోన్ కాన్సర్ట్’. జులైలో లండన్ లైసియం థియేటర్లో బాబ్ మార్లీ పాడిన పాటలు ‘లైవ్!’ ఆల్బమ్ అయ్యాయి. రాక్ వైపు పింక్ ఫ్లాయిడ్ మాత్రం స్టూడియోలోనే నెలల తరబడి చెక్కి ‘విష్ యు వర్ హియర్’ తెచ్చింది.

అదే జులై 5న అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో, ఓ కాలేజీలో జరిగిన కచేరీని కూడా రికార్డు చేశారు. మరుసటి ఏడాది వచ్చిన ఆ ఎల్‌పీ పేరు ‘శక్తి’, బృందం పేరూ అదే. తెలుగువాళ్లు వదలకూడని రికార్డు ఇదే. దాని తరువాయి కథ పాలకొల్లులో ఉంది మరి.

ఇంగ్లండ్‌కు చెందిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అంతకుముందు మహావిష్ణు ఆర్కెస్ట్రాతో చెవులు చిల్లులు పడేలా ఎలక్ట్రిక్ గిటార్ వాయించినవాడు. అలాంటివాడు మామూలు గిటార్‌తో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే అభిమానులు బిత్తరపోరా? చుట్టూ ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, రామ్‌నాడ్ రాఘవన్ మృదంగం. రికార్డు రెండో వైపంతా ఒకటే రచన, దాదాపు అరగంట. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కుతూ మొదలుపెడితే అమీర్‌పేట దరిదాపుల్లో అయిపోతుంది. తాళం దగ్గర వీళ్ల ఆటే వేరు. ఒకరు విసిరిన లెక్కను ఇంకొకరు అందుకుని, తిప్పి, తిరిగి అప్పజెబుతారు. అప్పటికప్పుడు అల్లడం జాజ్‌కు ప్రాణం, మన కచేరీలో మనోధర్మం అన్నా అదే కాబట్టి పొత్తు కుదిరింది.

చిక్కల్లా గమకంతోనే, అంటే స్వరాన్ని ఊపి పలికించడంతోనే. గిటార్ మెట్లు స్వరాన్ని ఎక్కడికక్కడ కోసేస్తాయి. మెక్‌లాఫ్లిన్ అమెరికాలో కొంతకాలం వీణ నేర్చుకున్నాడు. వీణకు మైనం మీద నిలబెట్టిన మెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగను పక్కకు లాగితే స్వరం ఊగుతుంది. శక్తి రోజుల్లో ఆయన తన గిటార్‌కూ మెట్ల మధ్య చెక్కను గుంటగా తీయించాడు. అడ్డంగా మరికొన్ని తీగలు వేయించి శ్రుతి మోగేలా చేశాడు.

ఇంచుమించు అదే సమయంలో, పాలకొల్లులో క్లారినెట్ విద్వాంసుడు ఉప్పలపు సత్యనారాయణ గారి ఇంట్లో ఆరేళ్ల కొడుకు శ్రీనివాస్ మాండొలిన్ పట్టాడు. 1976లో గిటారిస్టు వాసూరావు ఆ కుర్రాడికి పాశ్చాత్య సంగీతం చూపించారు. తర్వాత గురువు రుద్రరాజు సుబ్బరాజు. ఆయనకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు వాయించేవాడు. ఆలోచిస్తే అదే మేలయింది: వేళ్ల అలవాటు కాకుండా గొంతులోని గమకమే నేరుగా వాద్యంలోకి వచ్చింది.

మాండొలిన్‌తో తంటా గిటార్ కన్నా ఎక్కువ. తీగలు నాలుగు జతలు. జతను లాగితే రెండూ ఒకే శ్రుతిలో కదలాలి. పైగా మీటగానే నాదం ఆరిపోతుంది. శ్రీనివాస్ జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకుని, ఎలక్ట్రిక్ పికప్‌తో నాదాన్ని నిలబెట్టాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. 1983లో, పద్నాలుగేళ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

‘ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ’, ‘నేచురల్ ఎలిమెంట్స్’ రికార్డుల తర్వాత శక్తి బృందం చెదిరింది. 1997లో ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ కూడాక, శంకర్ వయొలిన్ పలికిన చోట శ్రీనివాస్ మాండొలిన్ చేరింది. ఒకే చిక్కుముడిని రెండు ఖండాల్లో విప్పుకున్న మెక్‌లాఫ్లిన్, శ్రీనివాస్ ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చున్నారు. 2001 నాటి ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’లో త్యాగరాజు బంగాళ రాగ కృతి ‘గిరిరాజసుతా తనయ’ ఉంది. ఆ కూర్పు శ్రీనివాస్‌దే.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశాడు. అప్పటికి 45 ఏళ్లే. శక్తి బృందం 2023లో తెచ్చిన ‘దిస్ మొమెంట్’కు మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. అందులో మొదటి రచన ‘శ్రీనీస్ డ్రీమ్’, అతని పేరు మీదే. ‘గిరిరాజసుతా’ అందులోనూ ఉంది గానీ, కొత్తగా వినేవాళ్లు ముందు బాంబే రికార్డు పెట్టుకోవడం మంచిది. అందులో మాండొలిన్ అతనిది.