చూసే మాటలు – కాచే మాటలు

కనిపెట్టి చూడడానికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి. అవి ఎక్కడ పుట్టాయో తెలిస్తే బట్టీ పట్టక్కర్లేదు.

1. వాచ్: దీనికీ, మేలుకోవడం అనే ‘వేక్’ మాటకీ మూలం ఒక్కటే. మంచె మీద రాత్రంతా మేలుకుంటేనే కదా చేనుకి కావలి!

2. విజిల్: ఇది ఊదే విజిల్ కాదు. లాటిన్‌లో మేలుకుని ఉన్నవాడని అర్థం. పరీక్ష హాల్లో తిరిగే ఇన్విజిలేటర్ ఇందులోంచే వచ్చింది.

3. సర్వెలెన్స్: నిఘా. ఫ్రెంచి మాట. ‘సర్’ అంటే పైన, ‘వెయ్యే’ అంటే కాపలా కాయడం. ఫ్రెంచి విప్లవంలో, 1793లో, అనుమానం ఉన్నవాళ్లని కనిపెట్టడానికి ఊరూరా నిఘా కమిటీలు పెట్టారు. తర్వాత ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది.

4. స్పై: దాక్కుని చూసే వేగులవాడు.

5. స్కౌట్: ముందుగా వెళ్లి చూసి వచ్చేవాడు. కానీ దీని మూలానికి అర్థం వినడం!

6. ఈవ్స్‌డ్రాప్: చాటుగా వినడం. ‘ఈవ్స్’ అంటే ఇంటి చూరు. చూరు నీళ్లు పడేచోట గోడకి ఆనుకుని లోపలి మాటలు వినేవాళ్ల వల్ల ఈ మాట వచ్చింది.

7. వార్డెన్: గార్డ్, వార్డెన్ ఒకే వేరు నుంచి వచ్చాయి. కాపాడేవారని అర్థం.

చూశారా, ఇవన్నీ ఒకటి కాదు. జ్వరం వచ్చిన పిల్ల పక్కన రాత్రంతా కూర్చుంటే అది విజిల్. ఆ పిల్లకి ఇంటినుంచి వచ్చిన ఉత్తరం చాటుగా చదివితే అది స్పయింగ్. రెంటికీ కావాల్సింది కళ్లే. కానీ ఒకటి మనకోసం చూడడం, ఇంకొకటి మనకి తెలీకుండా చూడడం. మన రూముల్లో మొదటిదే ఉండాలి.

– 9వ తరగతి విద్యార్థిని