గింజ ఎప్పుడు ఎగురుతుంది?

అమ్మ చేటతో బియ్యం చెరుగుతుంటే మీరు చూసే వుంటారు. చేటను మెల్లగా ఆడిస్తే గింజ అంటిపెట్టుకునే వుంటుంది. జోరుగా ఆడిస్తే గాలిలోకి లేచి మళ్ళీ చేటలో పడుతుంది. ఇంతకూ గింజ చేటను విడిచేది ఏ క్షణంలో?

పదో తరగతిలో ఎప్పుడడిగినా సగంమంది "చేట అడుగున వున్నప్పుడు సార్, అక్కడే గదా పైకి తోసేది" అంటారు. మిగతావాళ్ళు "వేగంగా కిందికి దిగేటప్పుడు" అంటారు. రెండూ తప్పే. పరీక్షలో మార్కులు పోయేది కూడా ఇక్కడే.

చేట కదలిక కాస్త చిక్కైనది. అందుచేత సరళ హరాత్మక చలనంతో నిట్టనిలువుగా ఊగే ఒక పలకను తీసుకుందాం. దాని మీద ఒక నాణెం పెడదాం. నాణెం మీద పనిచేసే బలాలు రెండే: కిందికి దాని బరువు, పైకి పలక తోపు. పలకకు జిగురు లేదు. కనుక అది నాణేన్ని తోయగలదు గాని లాగలేదు. కిటుకంతా ఈ ఒక్క మాటలోనే వుంది! నాణేన్ని కిందికి లాగేది భూమి ఒక్కటే. అది ఇచ్చే త్వరణం సెకనుకు సెకనుకు 981 సెంటీమీటర్లు. పలకకు కిందివైపు త్వరణం అంతకు మించితే నాణెం దానితో రాలేదు.

ఇక్కడ జాగ్రత్త! కిందివైపు త్వరణం అంటే కిందికి దిగడం అని కాదు. పైకి విసిరిన బంతి పైకి పోతున్నప్పుడు కూడా దాని త్వరణం కిందికే. పలక విరామస్థానానికి ఎంత పైన వుంటే దాని కిందివైపు త్వరణం అంత ఎక్కువ. పై కొసలో అది గరిష్ఠం. కనుక ఊపు క్రమంగా పెంచుతూ పోతే నాణెం మొట్టమొదట విడిపోయేది పై కొసలోనే. అడుగున త్వరణం పైకి వుంటుంది. అప్పుడు పలక నాణేన్ని దాని బరువుకన్నా ఎక్కువ బలంతో తోస్తుంది, ఇక విడిచే ప్రశ్నే లేదు.

ఇప్పుడు లెక్క. పలక త్వరణం = 39.5 × పౌనఃపున్య వర్గం × ఎత్తు. (39.5 అంటే 'పై' వర్గానికి నాలుగు రెట్లు.) దీనిని 981తో సమానం చేస్తే, ఎత్తు × పౌనఃపున్య వర్గం = సుమారు 25. ఎత్తు సెంటీమీటర్లలో సుమా! నాణెం ద్రవ్యరాశి ఎక్కడా రాలేదు, గమనించారా?

కంపన పరిమితి 2 సెం.మీ., సెకనుకు 5 కంపనాలు అనుకుందాం. 25ను 25తో భాగిస్తే 1. అంటే పలక ఇంకా పైకి పోతుండగానే, విరామస్థానానికి 1 సెం.మీ. ఎత్తున నాణెం విడిపోతుంది. అప్పటి వేగం సెకనుకు 54 సెం.మీ. ఆ వేగంతో అది మరో ఒకటిన్నర సెంటీమీటరు లేచి రెండున్నర దాకా పోతుంది. పలక రెండు దగ్గరే ఆగిపోతుంది. కంపన పరిమితి 1 సెం.మీ. కన్నా తక్కువైతే నాణెం అసలు ఎగరదు.

ఒక స్టీలు స్కేలును 20 సెం.మీ. బయటికి వుండేలా బల్ల అంచున గట్టిగా అదిమి, దాని మీద పొడి ఇసుక చల్లి, కొసను నొక్కి వదలండి. కొస దగ్గర రేణువులు గంతులేస్తాయి, బల్ల దగ్గరివి కదలవు. స్కేలంతటా పౌనఃపున్యం ఒకటే, కంపన పరిమితే వేరు. సెకనుకు 20 కంపనాలైతే 0.6 మిల్లీమీటరు ఊగినా రేణువు లేస్తుంది.

మా చోడవరం పక్కన గోవాడ చక్కెర మిల్లు పేరు మీలో కొందరు వినే వుంటారు. చక్కెర మిల్లులలో చక్కెరను మోసుకుపోయే, కంపించే తొట్టె ఒకటి వుంటుంది. దానిని గ్రాస్‌హాపర్ అంటారు, అంటే మిడత! అది కొంచెం ఏటవాలుగా ఊగుతుంది గనుక పలుకులు గెంతుతూ ముందుకు పోతాయి.

నేల కూడా ఒక్కొక్కప్పుడు ఇలాంటి పలకే అవుతుంది. 1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఆర్. డి. ఓల్డ్‌హామ్ ఆ ప్రాంతాన్ని పరిశీలించాడు. నేలలో పాతుకున్న రాళ్ళు తమ గుంటల్లోంచి బయటికి వచ్చి పడివున్నాయి. పక్కకు దొర్లి వుంటే గుంటల అంచులు విరిగేవి. కాని అంచులు చెక్కుచెదరలేదు. అంటే రాళ్ళు పైకే ఎగిరాయన్నమాట. దానిని బట్టి, అక్కడ నేల త్వరణం గురుత్వ త్వరణాన్ని మించిందని ఆయన నిర్ధారించాడు.